కౌన్సిలర్ ఒక్క సలహా కూడా ఇవ్వకుండా ఫీజు తీసుకోవచ్చా?

యార్డు గుమాస్తా, గుంటూరు:

అందరికీ నమస్కారమండి. ఇలాంటి చోట రాయడం నాకు అలవాటు లేదు. మా తోడల్లుడి కొడుకు ఫోనులో పెట్టించి ఇచ్చాడు. తప్పులుంటే సర్దుకోండి.

నేను మిర్చి యార్డులో ఒక కమీషన్ షాపులో గుమాస్తాని. ఇరవై ఆరేళ్లుగా అదే పని, అదే షాపు. మాకు ఒక్కడే అబ్బాయి, పందొమ్మిది నిండాయి. ఇంటర్ బైపీసీ రెండేళ్లు విజయవాడలో హాస్టల్లో ఉంచి చదివించాం. తర్వాత ఒక ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్. నీట్ రెండోసారి రాశాడు. సీటు వచ్చే మార్కులు రాలేదు. వచ్చిన మార్కులు ఇక్కడ రాయను, యార్డులో చెప్పీ చెప్పీ విసుగొచ్చింది.

రిజల్ట్ వచ్చినప్పటి నుంచి వాడు గదిలోంచి బయటికి రాడు. రాత్రి పదకొండింటికి, మేం పడుకున్నాం అనుకున్నాక వంటింట్లోకి వచ్చి గిన్నెలో ఉన్నది తిని వెళ్తాడు. తిట్టినా పలకడు, బతిమాలినా పలకడు. వాళ్లమ్మ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే థైరాయిడ్, బీ12 అన్నీ చూసి బాగానే ఉన్నాయి, కౌన్సిలింగ్‌కి వెళ్లండి అన్నారట.

సరే, బ్రాడీపేటలో ఒకావిడ ఉంటే వెళ్లాం. ముప్పై అయిదేళ్లుంటాయేమో. సిట్టింగ్‌కి ఎనిమిది వందలు. నాలుగు సిట్టింగులు అయ్యాయి, మూడు వేల రెండు వందలు. డబ్బు గురించి కాదండి నా బాధ, కాకపోతే లెక్క రాసే వాణ్ణి కదా, రాయకుండా ఉండలేను.

ప్రతిసారీ వాడు లోపల ముప్పావు గంట ఉంటాడు, నేను బయట బల్ల మీద కూర్చుంటాను. బయటికొచ్చాక ఏం చెప్పారురా అంటే "ఏం చెప్పలేదు, నేనే చెప్పాను" అంటాడు. నువ్వేం చెప్పావురా అంటే మళ్లీ నోరు మూత.

మూడోసారి నేనే లోపలికెళ్లి అడిగాను. "మేడమ్, డిగ్రీ అడ్మిషన్లు అయిపోతున్నాయి. వాడికి కాస్త గట్టిగా చెప్పండి, మీరు చెప్తే వింటాడు" అన్నాను. ఆవిడ కాసేపు నా వైపు చూసి, "మీకు లోపల చాలా భయంగా ఉన్నట్టుందండి" అంది. నాకు ఒళ్లు మండింది. నేను అడిగింది అడ్మిషన్ గురించి. నా భయం గురించి ఎవరు అడిగారు?

నాలుగోసారి ఇంకో మాట అంది. మీక్కూడా ఎవరితోనైనా మాట్లాడుకోవాలనిపిస్తే చెప్పండి, అబ్బాయి నా దగ్గరికి వస్తున్నాడు కాబట్టి మీకు వేరే ఆయన నెంబరు ఇస్తాను అని. నాకెందుకండీ? పరీక్ష పోయింది వాడిది.

మా పని ఎలా ఉంటుందో చెప్తాను. రైతు టిక్కీ, అంటే మిర్చి బస్తా, విప్పితే గుప్పెడు కాయలు చాలు నాకు. రంగు చూస్తాను, ఒక కాయ విరిచి చూస్తాను, చెవి దగ్గర ఆడిస్తే లోపల గింజ చేసే చప్పుడుని బట్టి తేమ ఎంతుందో చెప్పేస్తాను. ఇది తేజ రకం, ఇది 334 రకం, ఇది తాలు. అర నిమిషం పని. ఈవిడ నాలుగు సిట్టింగులు ఎదురుగా కూర్చోబెట్టుకుని మా వాడి గురించి ఒక్క ముక్క తేల్చలేకపోతోంది. ఇది నిజంగా ఒక పద్ధతేనా, లేక మేము మోసపోతున్నామా? తెలిసినవాళ్లు చెప్పండి.

—

ఏటుకూరు రోడ్డు:

గుమాస్తా గారూ, ఎనిమిది వందలకి ముప్పావు గంట మౌనం. మా ఊరి గుడి అరుగు మీద ఉచితంగా దొరుకుతుందండి అది. నా మాట విని ఆపేసి, వాళ్ల మేనమామ ఎవరైనా ఉంటే పిలిపించి నాలుగు చీవాట్లు పెట్టించండి. మా తమ్ముడికి అలాగే నయమైంది. అంటే, నయమైంది అనే అనుకుంటున్నాం. వాడు ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటాడు, పండక్కి కూడా రాడు.

—

పటమట మాష్టారు:

గుమాస్తా గారికి నమస్కారం. నేను విజయవాడలో డిగ్రీ కాలేజీలో సైకాలజీ పాఠం చెప్పి రిటైరయ్యాను. తర్వాత అయిదారేళ్లు వారానికి మూడు రోజులు కౌన్సిలింగ్ చేశాను, ఇప్పుడు చెవులు సరిగ్గా పనిచేయక మానేశాను. చెవులు లేకపోతే చేయలేని పని అది. పై సోదరుడు మౌనం అన్నాడు కానీ, రోజుకి నలుగురిని వింటే సాయంత్రానికి తల దిమ్మెక్కిపోయేది.

మీరు చెప్పిన దాన్ని బట్టి ఆ అమ్మాయి చేస్తున్నది క్లయింట్ సెంటర్డ్ థెరపీలాగా ఉంది, అంటే సలహాలు చెప్పకుండా వచ్చినవాడి మాట వింటూ సాగే పద్ధతి. ఇప్పుడు పర్సన్ సెంటర్డ్ అంటున్నారు. మోసం కాదు, ఎనభై ఏళ్ల పైబడిన పద్ధతి. మొదలుపెట్టినవాడు కార్ల్ రోజర్స్ అనే అమెరికా ఆయన, 1902లో పుట్టి 1987లో పోయాడు. మీకు నచ్చే సంగతి ఒకటి చెప్పనా? ఆయన కాలేజీలో మొదట చేరింది వ్యవసాయం కోర్సులో. చిన్నప్పుడు వాళ్లకి పొలం ఉండేది. చలికాలానికని బంగాళదుంపలు ఇంటి కింద చీకటి గదిలో పోసేవాళ్లు. మట్టి లేదు, నీళ్లు లేవు, ఎక్కడో పైన చిన్న కిటికీ. అయినా ఆ దుంపలు పాలిపోయిన తెల్లటి మొలకలు వేసి, ఆ కిటికీ వైపు అడుగులకి అడుగులు సాగేవట. అవి మొక్కలవ్వవు, కాయవు. అయినా సాగడం మానవు. ఆసుపత్రుల్లో బాగా దెబ్బతిన్న మనుషుల్ని చూసినప్పుడు తనకి ఆ దుంపలే గుర్తొస్తాయని పెద్దయ్యాక రాశాడు. వాళ్ల ప్రవర్తన మనకి వికారంగా కనబడొచ్చు, కానీ వాళ్లు బతకడానికి చేస్తున్న ప్రయత్నమే అది అని ఆయన లెక్క. రాత్రి పదకొండింటికి మీ వాడు వంటింట్లోకి రావడం నాకు ఆ మొలకలాగే కనబడింది. మీకు అలా కనబడాలని నేననను.

ఇక మీ కోపం గురించి. నాకెందుకు అన్నారు కదా. రోజర్స్ మొదట్లో రోచెస్టర్ అనే ఊళ్లో పిల్లల సంస్థలో పన్నెండేళ్లు పనిచేశాడు. అప్పుడాయన కూడా మీరు కోరుకునే రకమే. కేసు చూసి, కారణం పట్టుకుని, తల్లిదండ్రులకి నచ్చజెప్పే రకం. ఒకసారి ఒక తల్లి వచ్చింది, కొడుకు మహా అల్లరి. చిన్నప్పుడు ఆవిడ వాడిని దగ్గరికి తీయకపోవడమే కారణమని ఈయన తేల్చేశాడు. వారాల తరబడి ఆ సంగతి ఆవిడకి మెల్లగా ఎక్కించాలని చూశాడు. ఎక్కలేదు. చివరికి, మనిద్దరం ప్రయత్నించాం, లాభం లేదు, ఇక ఆపేద్దాం అన్నాడు. ఆవిడ సరేనని లేచి, తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "ఇక్కడ పెద్దవాళ్లకి కూడా కౌన్సిలింగ్ చేస్తారా?" అని అడిగింది. చేస్తాం అన్నాడు. అయితే నాకు కావాలి అని మళ్లీ వచ్చి కూర్చుని, తన కాపురం, తన నిరాశ అన్నీ చెప్పుకొచ్చింది. అన్ని వారాలు ఆయన అడిగి రాబట్టిన కేసు హిస్టరీకీ దీనికీ పోలికే లేదు. ఏం చేయాలో తోచక ఆయన ఎక్కువగా వింటూ కూర్చున్నాడు. అలాగే చాలాసార్లు జరిగాక ఆవిడ కాపురమూ బాగుపడింది, కొడుకూ బాగుపడ్డాడు. ఎక్కడ నొప్పి ఉందో, ఎటు వెళ్లాలో తెలిసింది ఎదుటి మనిషికే గానీ నాకు కాదు అన్న సంగతి ఆయనకి అక్కడ పట్టుబడింది.

1940 డిసెంబరు 11న మిన్నెసోటా యూనివర్సిటీలో ఈ ఆలోచనల మీద ఆయన ఒక ఉపన్యాసం ఇచ్చాడు. ఈ పద్ధతి పుట్టినరోజు అదే అంటారు. 1942లో పుస్తకం వచ్చింది. అందులో 'రోగి' మాట పక్కనబెట్టి 'క్లయింట్' అన్నాడు. మీ షాపుకి సరుకు తెచ్చిన రైతు మీకు ఏమవుతాడో అలాగన్నమాట. సరుకు ఆయనది, అమ్మాలో కోల్డ్ స్టోరేజీలో దాచుకోవాలో ఆయన ఇష్టం.

ఇంకోటి. ఆయన కౌన్సిలింగ్ గదిలో మాటల్ని గ్రామఫోను డిస్కుల మీద రికార్డు చేయించాడు. డిస్కు ఒక పక్క నిమిషాల్లో నిండిపోయేది, మార్చుకుంటూ పోవాలి. అప్పటిదాకా డాక్టరు రాసుకున్న నోట్సే సాక్ష్యం. తమ గొంతు తామే విన్నాక తెలిసింది, ఎదుటివాడు ఒక మాట అనబోతే తాము ఎలా అడ్డుపడుతున్నారో, ఎటు లాక్కుపోతున్నారో. నేనూ ఒకసారి అనుమతి తీసుకుని నాది రికార్డు చేసి విన్నాను. పాఠం చెప్తున్నాను. ముప్పావు గంటలో నా దగ్గరికి వచ్చిన పిల్ల మాట్లాడింది పది నిమిషాలు ఉండదు. రెండు రోజులు అన్నం సయించలేదు.

1957లో ఒక వ్యాసంలో మనిషి మారడానికి ఏమేం ఉండాలో రాశాడు. అందులో కౌన్సిలరు వైపు నుంచి మూడు. ఒకటి, లోపల ఒకటి బయట ఒకటి లేకుండా ఉండటం. చిరాకు దాచుకుని నవ్వుతూ కూర్చుంటే ఎదుటివాడు పసిగడతాడు. రెండోది షరతు పెట్టని ఆదరణ. సీటొస్తే ఒకలాగ, రాకపోతే ఒకలాగ చూడకపోవడం. దీన్ని చాలామంది వాడు చేసిందల్లా ఒప్పుకోవడం అనుకుంటారు, కాదు. పని నచ్చకపోవచ్చు, మనిషికి విలువ తగ్గదు. మూడోది, వాడి కళ్లతో చూసి, చూసింది సరిగ్గానే ఉందా అని వాడినే అడగడం. మీకు భయంగా ఉన్నట్టుంది అందే, అది ఇదే. మీ మాట వెనక ఉన్నది అందిందా లేదా అని సరిచూసుకుంది. కాదు అంటే ఆవిడ ఊరుకునేది. మీరు కాదనలేదు, ఒళ్లు మండింది అన్నారు.

గుప్పెడు కాయలు చూసి రేటు చెప్తానన్నారు. ఇంట్లో, హాస్టల్లో, కోచింగ్‌లో మీ వాడికి ఇన్నేళ్లూ అదే జరిగి ఉంటుంది. వారం వారం ర్యాంకు, ర్యాంకుని బట్టి సెక్షను. ఇంతకంటే నేను అనను, అంటే పాఠం అయిపోతుంది.

—

రెండో బెంచి:

బాబాయి గారూ, నేను విజయవాడలో అలాంటి హాస్టల్లోనే చదివాను. ఇప్పుడు సాఫ్ట్‌వేర్. మాష్టారు గారు చెప్పింది బాగుంది కానీ, ఆ పేరు చెప్పి ఊరికే చిలక పలుకులు పలికేవాళ్లు కూడా ఉన్నారు. నేను మొదట వెళ్లినావిడ అలాంటిదే. "నాకు నిద్ర పట్టట్లేదు" అంటే "మీకు నిద్ర పట్టట్లేదన్నమాట" అనేది. రెండు సిట్టింగులకే మానేశాను. 1966లో అమెరికాలో ఎంఐటీ అనే యూనివర్సిటీలో జోసఫ్ వైజెన్‌బామ్ ఎలిజా అని ఒక కంప్యూటర్ ప్రోగ్రాం బయటపెట్టాడు. మనం టైప్ చేసిందాన్నే ప్రశ్నగా తిప్పి అడిగేది. రోజర్స్ పద్ధతినే అనుకరించాడు, ఎందుకంటే దానికి లోకజ్ఞానం అక్కర్లేదు! జనం దానితో మనసు విప్పి మాట్లాడేస్తుంటే ఆయనే కంగారుపడ్డాడు. మా ఆఫీసులో అది చూపించినప్పుడు నాకు మా మొదటి మేడమ్ గుర్తొచ్చింది.

రెండోసారి వెళ్లినాయన వేరు. నేను హాస్టల్లో వార్డెను లైటు తీశాక బాత్రూం లైటు కింద కూర్చుని చదివిన సంగతి నవ్వుతూ చెప్తున్నాను. ఆయన నవ్వలేదు. "నవ్వుతున్నారు గానీ, అప్పుడు బాగా ఒంటరిగా అనిపించి ఉంటుంది" అన్నాడు. అంతే, ఇరవై నిమిషాలు ఏడ్చాను. నేను అనని మాట అది. కానీ నాదే.

మీ అబ్బాయి "నేనే చెప్పాను" అన్నాడు చూశారా? నాలుగుసార్లూ వెళ్లాడు కూడా. ఇష్టం లేకపోతే రెండోసారికే కడుపునొప్పి వచ్చేది, నన్నడగండి. ఇంకా, బయటికి రాగానే ఏం చెప్పావురా అని అడగడం ఆపేయండి బాబాయి గారూ, ప్లీజ్.

—

రాత్రి డ్యూటీ:

స్టాఫ్ నర్సుని, కొన్నాళ్లు మానసిక వైద్యం వార్డులో చేశాను. అందరూ వినడం గురించే రాస్తున్నారు కాబట్టి నేను వేరేది రాస్తాను. గుమాస్తా గారూ, అబ్బాయి బరువు తగ్గాడా? పగలు నిద్రపోతున్నాడా, అసలు పోవట్లేదా? చచ్చిపోవాలని ఉంది, నేనుండి ఏం లాభం లాంటి మాట ఎప్పుడైనా అన్నాడా? అని ఉంటే అడ్మిషనూ లేదు గిడ్మిషనూ లేదు, వెంటనే సైకియాట్రిస్టుకి చూపించండి. అలా నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని భయపడకండి, పుట్టదు. టెలి మానస్ అని మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, నెంబరు 14416, రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు.

మాష్టారు గారికి ఒక మాట. ఆ మూడూ ఉంటే చాలు అన్నది రోజర్స్ గారి వాదన, అందరూ ఒప్పుకోలేదు. ఉండాలి అని ఒప్పుకున్నవాళ్లు కూడా అవే చాలవు అన్నారు. ఆయనే తర్వాత విస్కాన్సిన్‌లో స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లతో ఈ పద్ధతి ప్రయత్నిస్తే ఆశించినంత ఫలితం రాలేదు. కొన్ని జబ్బులకి మందులు కావాలి, కొన్నిటికి సీబీటీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే థెరపీ) లాగా ఇంటికి పని ఇచ్చి చేయించే పద్ధతులు బాగా పనిచేస్తాయి. ఆ అమ్మాయి చదువేమిటో అడగండి, అడగడం తప్పు కాదు. క్లినికల్ సైకాలజిస్టు అయితే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నెంబరు ఉంటుంది.

—

పటమట మాష్టారు:

అమ్మా, ఒప్పుకుంటున్నాను. ముందు నువ్వు అడిగినవే నేను అడగాల్సింది. దుంపల కథలో పడి మర్చిపోయాను.

—

యార్డు గుమాస్తా, గుంటూరు:

అందరికీ దండాలు. నాలుగు రోజులు ఆలస్యమైంది, యార్డుకి సరుకు బాగా దిగింది.

నర్సమ్మ గారు అడిగినవి వాళ్లమ్మ చేత అడిగించాను. నిద్ర తెల్లవారుజామున పడుతోందట. చచ్చిపోవాలని లేదమ్మా, ఎవరికీ కనబడకూడదని ఉంది అన్నాడట. ఆ ముక్క బ్రాడీపేట మేడమ్‌కి చెప్పమంటావా అంటే, చెప్పాను, ఆవిడకి తెలుసు అన్నాడట. అంటే మాకంటే ముందే ఆవిడకి చెప్పాడు. చదువు కూడా అడిగాను. ఎంఫిల్ క్లినికల్ అట, నెంబరు గోడకే ఉంది, ఇన్నాళ్లూ నేనే చూడలేదు. ఇంకో రెండు వారాలు చూసి, అవసరమైతే మందుల కోసం తనే డాక్టరు దగ్గరికి పంపిస్తానంది. భయం సంగతి మళ్లీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఏటుకూరు రోడ్డు తమ్ముడూ, మేనమామని పిలిపించలేదు. మీ తమ్ముడు పండక్కి రాడు అన్నారు కదా, అక్కడ ఆగిపోయాను.

మొన్న రాత్రి పడుకోకుండా వంటింట్లో కూర్చున్నాను. పదకొండున్నరకి వచ్చాడు. నన్ను చూసి వెనక్కి పోబోయాడు. నేనేం అనలేదు. కంచం పెట్టి అన్నం, గోంగూర పచ్చడి వేశాను. మామూలుగా అయితే ఈపాటికి అడ్మిషన్ తేదీ చెప్పేవాణ్ణి. నాలుక కొరుక్కుని కూర్చున్నాను. చాలా కష్టమండి అది, రోజంతా టిక్కీలు మోసినా అంత అలుపు రాదు.

సగం తిన్నాక కంచంలోకి చూస్తూ అడిగాడు, "షాపులో నా గురించి అడిగితే నీకు సిగ్గుగా ఉంటుందా నాన్నా?" అని. సిగ్గేంట్రా, పిచ్చోడా అనబోయాను. అది అబద్ధం. మాష్టారు రాసిన మూడిట్లో మొదటిది, లోపల ఒకటి బయట ఒకటి లేకుండా ఉండటం, గుర్తొచ్చిందో, నోరు జారిందో తెలియదు, "ఉందిరా, మొదట్లో ఉంది" అన్నాను. అనేశాక గుండె జారిపోయింది. వాడు ఏడుస్తాడేమో, లేచి పోతాడేమో అనుకున్నాను. తల ఊపి, "నాకూ అదే అనిపించింది" అన్నాడు. తర్వాత పెరుగు ఉందా అని అడిగాడు. తిని, కంచం వాడే కడిగి పెట్టి వెళ్లాడు. నేను చేసింది తప్పో ఒప్పో ఇప్పటికీ తెలియట్లేదు. వాళ్లమ్మకి చెప్తే నన్ను తిట్టింది.

అడ్మిషన్ తేదీ అయిపోయింది.

ఆ వేరే ఆయన నెంబరు తీసుకున్నాను. ఆయనది అరండల్‌పేట. శనివారం యార్డు సెలవు కాబట్టి పదకొండింటికి రమ్మన్నారు. నాకు ఏం మాట్లాడాలో తెలియదండి. మా నాన్నగారు చిన్నప్పుడే పోయారు, నన్ను ఎనిమిదో తరగతిలో చదువు మాన్పించి యార్డులో పెట్టారు. ఇవన్నీ చెప్పాలా, లేక అబ్బాయి సంగతే చెప్పాలా? ముందే చీటీ మీద రాసుకుని వెళ్లాలా?

—

పటమట మాష్టారు:

రాసుకోవాలనిపిస్తే రాసుకోండి. జేబులో పెట్టుకోండి.

—

ఏటుకూరు రోడ్డు:

అరండల్‌పేటలో బండి పెట్టడానికి చోటు దొరకదు గుమాస్తా గారూ, పావుగంట ముందు బయల్దేరండి. మీ వాడికి పెరుగన్నం ఇష్టమా? మా తమ్ముడికీ అదే. ఇవాళ సాయంత్రం వాడికి ఫోను చేద్దామనుకుంటున్నాను.